నాన్న గోడవైపు తిరిగి పడుకుంటున్నారు, ఇంటికి ఎవరిని పిలవాలి?

ప్రశ్న: నమస్కారం అండీ. మా నాన్నగారికి 68 ఏళ్లు. ఐదు వారాల కిందట పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వస్తోంది. పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉంచి ఇంటికి పంపారు. యూరిన్ పైపు ఇంకా తియ్యలేదు. వచ్చేటప్పుడు "హోం కేర్ పెట్టుకోండి" అని ఒక్క మాట చెప్పారు. ఒక సంస్థ ద్వారా నర్సును పెట్టుకున్నాం. ఆమెకు పైపు సంచి మార్చడం కూడా రాదని నాలుగో రోజు తెలిసింది. ఫిజియోథెరపిస్టు వస్తే నాన్న గోడవైపు తిరిగి పడుకుంటారు. "వదిలెయ్యండి నన్ను" అంటారు. ఉన్నట్టుండి ఏడుస్తారు. డాక్టరుకు చెబితే "బిహేవియరల్ హెల్త్ వాళ్లకు చూపించండి" అన్నారు. ఆ మాట వినగానే తమ్ముడు "నాన్నకేమైనా పిచ్చా?" అని గొడవ. వాడు ఈ మధ్య రోజూ తాగుతున్నాడు, అదొక దిగులు. అమ్మకు 63. పగలూ రాత్రీ ఆవిడే చూసుకుంటోంది. ఇంటికొచ్చి చేసే ఈ సేవలు ఎన్ని రకాలు? మాకు ఏవి అవసరం? మనసుకు సంబంధించినవి కూడా ఇంటి దగ్గర దొరుకుతాయా? (పేరు రాయవద్దన్న ఒక కూతురు)

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఆ నాలుగో రోజు సంగతి దగ్గరే ఆగిపోయాను. పాపం ఆ మనిషి తప్పేమీ లేదు. ఆమె నర్సు అయి ఉండదు, ఆయా అయి ఉంటుంది. "ఒక నర్సును పంపండి" అని మీరన్నారు. దేనికని వాళ్లు అడగలేదు, ఇందుకని మీరూ చెప్పలేదు. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు వచ్చారు. ఇరవై రెండేళ్లు ఇళ్లకు తిరిగి రోగులను చూసిన నర్సును నేను. హోం కేర్ గొడవల్లో సగం ఈ ఒక్క మాట దగ్గరే మొదలవుతాయి.

అందుకే ఎన్ని రకాలో చెప్పే ముందు ఒక పని చెబుతాను. రేపు ఒక నోటుబుక్కు తీసుకుని అమ్మ పక్కన కూర్చోండి. పొద్దున ఆరు నుంచి మర్నాడు పొద్దున ఆరు దాకా నాన్నకు ఏమేం చేస్తున్నారో రాయండి. "చూసుకోవడం" అని రాయకండి, పనులు రాయండి. ఆరింటికి ఒత్తిగిలించాం. ఆరున్నరకు సంచి ఖాళీ చేశాం, ఇంత వచ్చింది. ఏడింటికి బీపీ మాత్ర, నీళ్లు తాగుతుంటే పొలమారింది. ఇలాగన్నమాట. ప్రతి పని ఎదురుగా రెండు సంగతులు వెయ్యండి: ఇప్పుడు ఎవరు చేస్తున్నారు, పొరపాటు జరిగితే ఏమవుతుంది. ఈ రెండోదే అసలైనది. ఒళ్లు తుడవడంలో పొరపాటు జరిగితే మళ్లీ తుడవొచ్చు. పైపు దగ్గర పొరపాటు జరిగితే చలిజ్వరంతో మళ్లీ ఆస్పత్రికే.

మొదటి రకం పనులకు ఆయా చాలు. అటెండెంట్ అన్నా, కేర్‌టేకర్ అన్నా అదే. స్నానం, బట్టలు, తినిపించడం, మరుగుదొడ్డి పనులు, ఒత్తిగిలించడం, లేపి కూర్చోబెట్టడం. తక్కువ పని అనుకోకండి, రోజులో ఎక్కువ గంటలు గడిచేది ఆమెతోనే. కాకపోతే ఆమెకు మీరు చూపించాల్సినవి కొన్ని ఉంటాయి. నాన్నను లేపేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టుకుని గుంజకూడదు. ఆ భుజాన్ని పట్టి ఉంచే కండల్లో బలం లేదు, కీలు జారుతుంది. ఆ నొప్పి నెలల తరబడి వదలదు. చొక్కా తొడిగేటప్పుడు ఆ చెయ్యి ముందు, విప్పేటప్పుడు ఆ చెయ్యి చివర. ఇంత చిన్న సంగతి తెలియక మంచి మనసున్న ఆయాలు కూడా రోజూ భుజం నొప్పి పుట్టిస్తారు. రోగి ఏమో మొండికేస్తున్నాడని పేరు.

రెండో రకం పనులకు నర్సు కావాలి, చదివి రిజిస్ట్రేషన్ ఉన్న నర్సు. పైపు మార్చడం, ఇంజెక్షన్లు, సెలైన్, పుండ్లకు డ్రెస్సింగ్, ముక్కు గొట్టం, గొంతు దగ్గర రంధ్రం పెట్టినవాళ్లకు కఫం లాగడం. మీ ఇంటికి నర్సు రోజంతా అక్కర్లేదు. వారంలో రెండు మూడు సార్లు ఒక గంట వస్తే సరిపోతుంది. ఆ గంటలో పని ఎంత చేసిందన్నదానికన్నా, అమ్మకూ ఆయాకూ ఎంత నేర్పిందన్నది చూడండి. పైపు సంచి ఎప్పుడూ పొత్తికడుపు కన్నా కిందే ఉండాలి, నేలకు తగలకూడదు, నిండిపోయేదాకా ఆగకూడదు, పైపును సంచి నుంచి మాటిమాటికీ ఊడదీయకూడదు. ఇది ఐదు నిమిషాల పాఠం. ఇంకోటి, ఆ పైపు ఎప్పుడు తీస్తారని డాక్టరును ఈ వారమే అడగండి. ఐదు వారాలంటే ఎక్కువే. పైపు లోపల ఉన్న ప్రతి రోజూ ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతూనే ఉంటుంది. చాలా ఇళ్లలో పైపు ఇంకా ఎందుకుందంటే, తియ్యమని ఎవరూ అడగలేదు కాబట్టి.

ఒత్తిగిలించడం అన్నానుగా, దాని గురించి నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. మా అత్తగారు తుంటి ఎముక విరిగి మంచాన పడ్డప్పుడు నేనే చూసుకున్నాను. నర్సుననే ధీమా. రోజూ నడుము కింద, పిరుదుల దగ్గర చూస్తున్నాను, చర్మం శుభ్రంగా ఉంది. తొమ్మిదో రోజు మేజోడు తీస్తే మడమ మీద రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ. నొక్కితే మెత్తగా ఉంది. మడమ కింద దిండు లేదు, దాని మీద నా చూపే పడలేదు. అది మానడానికి మూడు నెలలు పట్టింది. అందుకని రెండు గంటలకోసారి పక్క మార్చడం ఎంత ముఖ్యమో, మార్చినప్పుడల్లా మడమలు, చీలమండలు, తుంటి, మోచేతులు, చెవి వెనక చూడటం అంత ముఖ్యం. వేలితో నొక్కితే తెల్లబడకుండా ఎర్రగానే ఉండిపోయిన చోటు కనిపిస్తే, అక్కడ పుండు మొదలైందన్నమాట. గాలి పరుపు తెప్పించుకోండి. అయితే గాలి పరుపు ఉంది కదా అని ఒత్తిగిలించడం మానేసే ఇళ్లు కూడా చూశాను.

ఇక థెరపిస్టులు. ఫిజియోథెరపిస్టు వస్తున్నారని రాశారు. ఆయన కాక ఇంకో ఇద్దరున్నారు, వాళ్ల ఊసు మీకెవరూ ఎత్తినట్టు లేదు. ఒకరు ఆక్యుపేషనల్ థెరపిస్టు. ఫిజియో కాలు నడిపిస్తే, ఈమె రోజును నడిపిస్తుంది. ఎడమ చేత్తో పళ్లు తోముకోవడం, గుండీ పెట్టుకోవడం, స్నానాల గదిలో పట్టుకునే కడ్డీ ఎక్కడ బిగించాలి, మంచం ఎంత ఎత్తుండాలి, ఇవన్నీ ఆమె చూస్తుంది. ఈ పని ఆస్పత్రిలో కన్నా ఇంట్లోనే బాగా సాగుతుంది, ఎందుకంటే నాన్న వాడాల్సిన గడప, గది, కుర్చీ ఇక్కడే ఉన్నాయి. రెండోవారు స్పీచ్ థెరపిస్టు. పేరు చూసి మాట ఒక్కటే అనుకుంటారు. మింగడం కూడా వాళ్లే చూస్తారు. నీళ్లు తాగుతుంటే పొలమారినా, తిన్నాక గొంతు గురగురమన్నా వాళ్లను పిలవాల్సిందే. ఊపిరితిత్తుల్లోకి పోయిన ఒక గుక్క న్యుమోనియా తెస్తుంది. అందాకా నాన్నను నిటారుగా కూర్చోబెట్టి మాత్రమే తినిపించండి, తిన్నాక అరగంట పడుకోబెట్టకండి. ఒక్కోసారి దగ్గు కూడా రాదు, చడీచప్పుడు లేకుండా లోపలికి పోతుంది. అందుకే దగ్గడం లేదు కాబట్టి బాగానే ఉందనుకోవద్దు.

కోలుకోవడంలో వేగం మొదటి మూడు నెలల్లోనే ఎక్కువ. తర్వాత కూడా మెరుగవుతారు, కానీ నెమ్మదిగా. మీకు ఐదు వారాలు అయిపోయాయి. నాన్న గోడవైపు తిరగడం నన్ను కంగారు పెడుతున్నది అందుకే.

ఇప్పుడు ఆ గోడ సంగతికి వద్దాం. బిహేవియరల్ హెల్త్ అనగానే ప్రవర్తన బాగాలేదని ఎవరో తిట్టినట్టు ఉంటుంది, మీ తమ్ముడి కోపం నాకు అర్థమైంది. ఆ మాట కింద మనసు జబ్బులు వస్తాయి, తాగుడు లాంటి వ్యసనాలు వస్తాయి, ఒంటి జబ్బును మొండి చేసే అలవాట్లూ వస్తాయి. కసరత్తు చెయ్యననడం, మాత్ర ఉమ్మేయడం, నిద్ర తప్పడం, ఇవన్నీ మూడో లెక్కలోవి. పిచ్చి అన్న మాటకు ఇక్కడ చోటే లేదు. పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. చెయ్యి పడిపోయిందన్న దిగులు ఒక కారణం. అసలు దెబ్బ తగిలిందే మెదడుకు కదా, సంతోషాన్నీ ఉత్సాహాన్నీ నడిపేదీ అదే. కాలు కదలకపోతే ఎవరూ "ఆయనకు నడవాలని లేదు" అనరు. మనసు కదలకపోతే మాత్రం మొండితనం అంటారు.

అయితే గోడవైపు తిరిగినవాళ్లందరిదీ డిప్రెషనే అని తేల్చెయ్యకండి. ముందు నొప్పి ఉందేమో చూడండి. ఫిజియో వచ్చే వేళకే ముఖం తిప్పుకుంటున్నారంటే భుజం మీద నాకు అనుమానం. మాట సరిగా రాని మనిషి "నొప్పి" అని చెప్పలేక "వదిలెయ్యండి" అంటాడు. తర్వాత ఆ ఏడుపు. కన్నీళ్లు హఠాత్తుగా వచ్చి, రెండు నిమిషాల్లో ఆగి, "ఎందుకు నాన్నా?" అంటే ఆయనకే తెలియకపోతే, అది దుఃఖం కాకపోవచ్చు. ఏడుపునూ నవ్వునూ అదుపులో పెట్టే నరాల దారి దెబ్బతిన్నా అలా జరుగుతుంది, దానికి మందులున్నాయి. ఇంకొందరు ఏడవరు, బాధపడరు, ఏదీ చెయ్యాలనిపించక అలా ఉండిపోతారు. ఆ నిర్లిప్తత డిప్రెషన్‌లా కనిపించినా వేరే సంగతి, దాని వైద్యం కూడా కొంత వేరు. ఈ తేడాలు పట్టుకోవడం సైకియాట్రిస్టు పని. మీ పనల్లా నోటుబుక్కులో ఇంకో గీత గీసి రాసిపెట్టడం: ఏ వేళకు తిరిగి పడుకున్నారు, అప్పుడు గదిలో ఎవరున్నారు, ఏడుపు ఎన్ని నిమిషాలు, రాత్రి ఎన్ని గంటలు నిద్ర, ఎంత తిన్నారు. పది రోజుల ఈ రాత పట్టుకెళ్తే డాక్టరు ఒక్కసారి చూడటంలోనే చాలా తేల్చగలరు.

డిప్రెషన్ ఎంత ఉందో చూసేందుకు పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటుంది. గడిచిన రెండు వారాల గురించి అడుగుతుంది, ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3, మొత్తం 27. పది గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టరుతో మాట్లాడాల్సిందే. మాట బాగా ఇబ్బందిగా ఉన్నవాళ్ల విషయంలో ఆ కాగితం సరిగ్గా పనిచెయ్యదు. వాళ్ల కోసం దగ్గరుండి చూసేవాళ్లు నింపే ప్రశ్నపత్రాలు వేరే ఉన్నాయి, అడిగితే ఇస్తారు. ఆ తొమ్మిదింటిలో చివరిది చావు ఆలోచనల గురించి. దానికి సున్నా తప్ప ఏ జవాబు వచ్చినా మిగతా లెక్కతో పని లేదు, ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. "వదిలెయ్యండి నన్ను" అన్నది అలసటతో అన్న మాటా, బతకొద్దనుకుని అన్న మాటా? అడగండి. "నాన్నా, చచ్చిపోతే బాగుండనిపిస్తోందా?" అని సూటిగానే అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు, పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, మాత్రల డబ్బా ఆయన చేతికందే చోట నుంచి తీసెయ్యండి. ఎలా చావాలో కూడా అనుకుని ఉన్నారని తెలిస్తే ఇక ఇంటి సేవల మాట పక్కన పెట్టి నేరుగా ఎమర్జెన్సీకే తీసుకెళ్లండి.

ఎవరు ఏం చేస్తారంటే, సైకియాట్రిస్టు డాక్టరు, జబ్బేమిటో తేల్చి మందు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు పరీక్షలు చేస్తారు, మాటలతో చికిత్స చేస్తారు. సైకియాట్రిక్ సోషల్ వర్కర్ ఇంటినంతటినీ కూర్చోబెట్టి మాట్లాడతారు, ఎవరి మీద ఎంత భారం పడుతోందో చూస్తారు. మీ ఇంటికి ఈ మూడోవారు బాగా పనికొస్తారని నా అభిప్రాయం, ఎవరూ పిలవనిది కూడా వీళ్లనే. ఇంటి దగ్గర దొరుకుతాయా అంటే, చాలా మటుకు దొరుకుతాయి. మొదటిసారి చూడటం ముఖాముఖి జరిగితేనే మంచిది. తర్వాతవి ఇంటికొచ్చి గానీ వీడియోలో గానీ సాగించొచ్చు. మాట తడబడే మనిషికి వీడియో కష్టం, మీ నాన్నకు మనిషి రావడమే మేలు. అమ్మకు, తమ్ముడికి వీడియో చాలు.

మందు రాస్తే అది పట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు పడుతుంది. వారం రోజులు వేసి "ఏం తేడా లేదు" అని ఆపేసిన ఇళ్లు లెక్కలేనన్ని చూశాను. నాన్నకు రక్తం పలచబడే మందు ఇచ్చి ఉంటే, ఆ చీటీ సైకియాట్రిస్టుకు తప్పకుండా చూపించండి. డిప్రెషన్ మందుల్లో కొన్ని దానితో కలిస్తే రక్తస్రావం ముప్పును పెంచుతాయి.

మాటల చికిత్స అంటే సలహాలు చెప్పడం అనుకుంటారు. కాదు. నేను వెళ్లిన ఒక ఇంట్లో మీ నాన్నగారి లాంటి పెద్దాయనే ఉండేవారు. నెల రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయనకు పాత రేడియో అంటే ప్రాణం. దిండు పక్కనే పెట్టేవాళ్లు, వింటూ పడుకునేవారు. థెరపిస్టు వచ్చి ఆ రేడియోను మంచానికి నాలుగడుగుల దూరంలో బల్ల మీద పెట్టించింది. ఇంట్లోవాళ్లకు కోపం వచ్చింది. ఆయనకూ వచ్చింది. మూడో రోజు సాయంత్రం ఆయాను పిలిచి, మంచం అంచున కూర్చోబెట్టమని సైగ చేశారు. వారం తిరిగేసరికి కుర్చీలోకి మారి ఎడమ చేత్తో స్టేషన్ తిప్పుకుంటున్నారు. "మనసు బాగుపడ్డాక లేస్తాను" అనుకునే మనిషిని కొంచెం లేపి, దాని వల్ల మనసును కొంచెం లేపడం, ఆ చికిత్స కిటుకు అంతే. ఎంత కదిలించాలి, ఎక్కడ ఆపాలి అన్నదాన్లోనే వాళ్ల చదువుంది. మీరు సొంతంగా రేడియో దాచెయ్యకండి.

తమ్ముడి సంగతి మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. నేను దాటను. రోజూ తాగే మనిషి రాత్రి నాన్నకు మాత్రలు ఇస్తున్నాడేమో చూడండి, ఇస్తుంటే ఆ పని మాన్పించండి. రెండోది, మీ పోరు పడలేక "రేపటి నుంచి ముట్టను" అని ఒక్కసారిగా మానేస్తే సంతోషపడకండి. బాగా అలవాటు పడ్డ ఒళ్లు హఠాత్తుగా మానితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజుల తర్వాత మతి తప్పి, లేనివి కనిపించి, ప్రాణం మీదికి రావచ్చు. మానడం డాక్టరు చేతి మీదుగా జరగాలి. తక్కువ తాగేవాళ్లకు, ఇంతకుముందు ఫిట్స్ రానివాళ్లకు, ఇంట్లో తాగని పెద్దవాళ్లు తోడుంటే, డాక్టరు రోజూ చూస్తూ ఇంటి దగ్గరే మాన్పించొచ్చు. మిగతావాళ్లను ఆస్పత్రిలో పెట్టాలి. ఎంత తాగుతున్నాడో తేల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేసిన ఆడిట్ అనే పది ప్రశ్నల కాగితం ఉంది. 40కి 8 వచ్చినా పట్టించుకోవాల్సిందే. మాట్లాడితే పొద్దున మాట్లాడండి, తాగి ఉన్నప్పుడు వద్దు. తిట్టవద్దు కూడా. నాన్నను అలా చూడలేక తాగుతున్నాడేమోనని నాకు అనిపిస్తోంది. తాగేవాళ్ల కోసం 1935లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ ఉన్నట్టే, వాళ్ల ఇంట్లోవాళ్ల కోసం 1951 నుంచి అల్-అనాన్ ఉంది. తమ్ముడు రాకపోయినా మీరు వెళ్లొచ్చు.

ఇక అమ్మ. మీ ఉత్తరంలో ఆవిడ గురించి ఉన్నది రెండు ముక్కలు: వయసు, పగలూ రాత్రీ. ఇంటికి వెళ్లి రోగిని చూడటం అనే ఏర్పాటు ఎలా మొదలైందో చెబితే ఆవిడ సంగతి మీకు తెలుస్తుంది. 1859లో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో విలియం రాత్‌బోన్ అనే వ్యాపారి, చనిపోయిన తన భార్యను ఇంట్లో చూసుకున్న మేరీ రాబిన్సన్ అనే నర్సును, పేదల ఇళ్లకు వెళ్లి అలాగే చూడమని మూడు నెలలకు కుదుర్చుకున్నాడు. నెల తిరక్కుండానే ఆమె వచ్చి, ఆ బాధలు చూడటం తన వల్ల కాదు, వదిలెయ్యమని ఏడ్చిందట. పని నేర్చిన నర్సు, సాయంత్రానికి తన ఇంటికి వెళ్లిపోయే నర్సు. మీ అమ్మ నర్సూ కాదు, వెళ్లిపోవడానికి ఇంకో ఇల్లూ లేదు. కట్టుకున్నవాడాయె. ఐదు వారాలుగా రెండు గంటలకోసారి లేస్తోంది.

ఆవిడ కోసం ఉన్న సేవ పేరు రెస్పైట్ కేర్. అంటే చూసుకునేవాళ్లకు విశ్రాంతి ఇవ్వడానికి కొన్ని గంటలో కొన్ని రోజులో వేరేవాళ్లు వచ్చి కూర్చోవడం. ఆయాను మీరు పగటి పూటకు పెట్టుకున్నట్టున్నారు. నన్నడిగితే రాత్రికి మార్చండి. పగలు అమ్మ, మీరు, వచ్చీపోయేవాళ్లు ఎలాగో సర్దుకుంటారు. రాత్రి నిద్ర పోతే దాన్ని సర్దేవాళ్లు లేరు. చూసుకునేవాళ్ల భారాన్ని కొలిచే 22 ప్రశ్నల జరిట్ ప్రశ్నపత్రం ఉంది, సోషల్ వర్కర్ దగ్గర ఉంటుంది, అమ్మతో నింపించమనండి. "నాకేం, బాగానే ఉన్నాను" అంటుంది. కాగితం మీద అలా అనదు.

మిగతా రకాలు గబగబా చెబుతాను, మీకు ఇప్పుడు అక్కర్లేదు కాబట్టి. డాక్టరు ఇంటికి రావడం, రక్తం తీసుకెళ్లడం, ఆక్సిజన్ యంత్రం, మంచం, చక్రాల కుర్చీ అద్దెకివ్వడం తెలిసినవే. కొన్ని దేశాల్లో ఆస్పత్రిలో చేర్చాల్సిన రోగికి ఇంట్లోనే రోజూ డాక్టరు, నర్సు, సెలైన్ అన్నీ ఇచ్చే పద్ధతి ఉంది. పెద్ద జబ్బుల్లో నొప్పినీ ఆయాసాన్నీ తగ్గించే పాలియేటివ్ కేర్ వేరు, చివరి నెలల్లో ఇచ్చే హాస్పిస్ వేరు. మొదటిది చికిత్స జరుగుతుండగానే తీసుకోవచ్చు, దాని పేరెత్తితే రోజులు దగ్గరపడ్డాయని కాదు. మనసు వైపు చూస్తే, ఆటిజం ఉన్న పిల్లలకు ఇంటికొచ్చి నేర్పే థెరపిస్టులున్నారు. ఏళ్ల తరబడి స్కిజోఫ్రీనియా లాంటి జబ్బున్నవాళ్ల దగ్గరకు డాక్టరు, నర్సు, సోషల్ వర్కర్ ఒక జట్టుగా వెళ్లే పద్ధతి 1970ల్లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో మొదలై చాలా చోట్లకు పాకింది. ఇంటికీ ఆస్పత్రికీ నడుమ, పగలు వెళ్లి సాయంత్రం తిరిగొచ్చే డే కేర్ కేంద్రాలున్నాయి. తమ్ముడికి ఇలాంటిది ఒకటి అవసరం కావచ్చు.

సంస్థవాళ్లకు ఫోన్ చేసేటప్పుడు ఆ నోటుబుక్కు ముందు పెట్టుకోండి. "ఫలానా ఫలానా పనులున్నాయి, వీటికి ఎవరిని పంపుతారు, వాళ్ల చదువేమిటి, రిజిస్ట్రేషన్ కాగితం చూపిస్తారా" అని అడగండి. వచ్చే మనిషి సెలవు పెడితే ఎవరొస్తారు, పై నర్సు వచ్చి పని చూసి వెళ్లేది ఎన్నాళ్లకోసారి, రాత్రి పైపు మూసుకుపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఇవి కూడా. జవాబులు చెప్పడానికి విసుక్కునే చోట పెట్టుకోకండి. డిశ్చార్జి సమ్మరీ నకళ్లు నాలుగు తీయించి ఉంచండి. ఫిజియో, నర్సు, సైకియాట్రిస్టు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, ఆ కాగితం, మీ నోటుబుక్కు, ఈ రెండే వాళ్లను కలుపుతాయి.

వరస చెప్పమంటే ఇదీ: ముందు భుజం, మింగడం, పైపు గురించి ఈ మూడు రోజుల్లో డాక్టరుతో మాట్లాడండి. వారంలోపు సైకియాట్రిస్టుకు చూపించండి. రాత్రి ఆయాను ఇవాళే మాట్లాడండి. నాన్న ఎంత కోలుకుంటున్నారో తెలియడానికి ఫిజియోను బార్తెల్ ఇండెక్స్ వెయ్యమనండి. తినడం, స్నానం, నడక లాంటి పది పనులకు కలిపి 100 మార్కులు. నెలకోసారి వేస్తే, మీ కళ్లకు ఆనని మార్పు కూడా అంకెల్లో కనిపిస్తుంది. అయిదు మార్కులు పెరిగినా ఆ కాగితం నాన్నకు చూపించండి.

నెల తర్వాత మళ్లీ రాయండి. నాన్న ఎన్ని అడుగులు వేశారో రాస్తారు, తెలుసు. దాంతోపాటు అమ్మ వరసగా ఎన్ని గంటలు నిద్రపోయిందో కూడా రాయండి.